చావు మాట పలకలేని తెలుగు మన పిల్లలకెందుకు?



మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు తెలుగు పిల్లలు బడికి తెచ్చే సెలవు చీటీలను ఒక్కసారి శ్రద్ధగా చూడండి. జ్వరం వస్తే ‘జ్వరం’ అని వ్రాస్తారు. పెండ్లికి పోతే ‘పెండ్లి’ అని వ్రాస్తారు. ఇంట్లో మనిషి చనిపోతే మాత్రం ‘మా అవ్వ ఎక్స్‌పైర్ అయినందువలన’ అని వ్రాస్తారు. మందుబిళ్ళల అట్ట మీద గడువు తీరిన తేదీకి వాడే మాటను, తనను చంకనెత్తుకొని పెంచిన అవ్వకు వాడవలసిన అవస్థ ఆ పిల్లకు ఎందుకు పట్టింది? తెలుగులో మాట లేక కాదు. ఆ మాటను పలకరాదని మనమే నేర్పాము.

నేను చెప్పదలచినది ఒక్కటే. చావును గురించి, చావు దగ్గరపడిన మనిషిని గురించి, మిగిలినవారి దుఃఖాన్ని గురించి పిల్లలతో దాపరికం లేకుండా, సూటియైన తెలుగులో మాట్లాడాలి. ఇంట్లో తల్లిదండ్రులు మాట్లాడాలి, తరగతిలో తెలుగు ఉపాధ్యాయులు మాట్లాడాలి. ఇది చేయనంతవరకు మనం చేస్తున్న తెలుగు రక్షణ అంతా ఉగాది పాటలకు, పద్యాల పోటీలకు పరిమితమైన వేడుకగానే మిగులుతుంది.

మరణాన్ని చెప్పడానికి తెలుగులో మాటల కరవు లేదు. కాలం చేశారు, కన్నుమూశారు, తనువు చాలించారు, పరమపదించారు, శివైక్యం చెందారు, ప్రభువునందు నిద్రించారు. ఒక్కొక్క మతానికి, ఒక్కొక్క మర్యాదకు ఒక్కొక్క మాట ఉన్నది. పెద్దలు పెద్దలతో మాట్లాడేటప్పుడు ఇవి గౌరవ వాచకాలు. వీటిని వదలుకొమ్మని నేను అనను. అయితే అయిదారేండ్ల బిడ్డకు ఈ మాటలలోని మర్యాద అందదు, అక్షరార్థమే అందుతుంది. ‘నిద్రపోయింది’ అంటే రేపు లేస్తుందనుకొంటాడు. లేవకపోతే తాను పడుకోవడానికి భయపడతాడు. ‘ఊరికి పోయినాడు’ అంటే వచ్చే ప్రతి బస్సు వైపూ చూస్తాడు. ‘దేవుడు తీసుకొనిపోయినాడు’ అంటే, మనుషులను ఎత్తుకొనిపోయే దేవునికి దండం ఎందుకు పెట్టాలని అడుగుతాడు. ఆ ప్రశ్నకు మన సమాధానం ‘నోరు మూయి’. అంతటితో ఆ బిడ్డకు ఒక పాఠం గట్టిగా అబ్బుతుంది. ఇంట్లో అన్నిటికంటె పెద్ద సంగతి జరిగినప్పుడు ఎవరినీ ఏమీ అడగకూడదు అనే పాఠం.

ఇది ఊహించి వ్రాస్తున్నది కాదు. కొన్నేండ్ల క్రిందట నేను తెలుగు చెప్పిన ఒక నాలుగవ తరగతి పిల్లవాని తండ్రి, బెంగళూరు రహదారి మీద ప్రమాదంలో మరణించాడు. ఆ మూడు దినాలూ పిల్లవానిని పక్క ఊరిలోని బంధువుల ఇంట ఉంచారు. తిరిగి వచ్చిన తరువాత, నాయన పని మీద దూరం పోయినాడని చెప్పారు. ఊరందరికీ తెలుసు, తరగతిలో నలభై మందికీ తెలుసు. వానికొక్కనికే తెలియదు. చివరకు ఆటస్థలంలో గోళీల తగాదాలో, కోపం మీద ఉన్న ఒక తోటి పిల్లవాడు ‘మీ నాయన సచ్చిపోయినాడు కదరా’ అని అరిచాడు. తండ్రి మరణవార్త ఆ బిడ్డకు చేరిన తీరు అది. ‘చావు కబురు చల్లగా’ అని సామెత చెప్పుకొంటాము. మనం చల్లగా కూడ చెప్పలేదు. ఆ పని తగాదాకు వదిలివేశాము.

ఆ సాయంత్రం తల్లిని పిలిపించి, పిల్లవానికి నిజం చెప్పమని కోరాను. ఆమె చెప్పింది. ఇద్దరూ ఏడ్చారు. మరునాడు వాడు నా బల్ల దగ్గరకు వచ్చి అడిగిన మొదటి మాట, ‘మన్నులో చలి పుట్టదా సార్?’ వాళ్ళది పూడ్చిపెట్టే ఆచారం. చనిపోయిన ఒంటికి చలి, ఆకలి, నొప్పి ఏవీ తెలియవని చెప్పాను. ‘మా అమ్మ కూడ చస్తుందా?’ అన్నది రెండవ ప్రశ్న. అందరూ ఒకనాటికి చనిపోతారు, అయితే మీ అమ్మ ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్నది, నిన్ను చూసుకోవడానికి తాత, మామ కూడ ఉన్నారు అని చెప్పాను. వాడు తల ఊపి తన చోటుకు పోయి కూర్చున్నాడు. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి గొప్ప పాండిత్యం అవసరం కాలేదు. రెండు నిమిషాలు, నాలుగు తెలుగు వాక్యాలు చాలినవి. ఇంటిల్లిపాదీ అన్ని రోజులు దాచిపెట్టినది ఆ నాలుగు వాక్యాలనే.

ఇక మీరు చెప్పే అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. ఒక్కొక్కటిగా చూద్దాము.

‘బడి సరస్వతీ నిలయం, అక్కడ అశుభం మాట్లాడవచ్చునా? తథాస్తు దేవతలు ఉంటారు’ అని మొదటి అభ్యంతరం. అయ్యా, మన శాస్త్రాలు మనకంటె ధైర్యం కలవి. కఠోపనిషత్తులో చావును గురించి అడిగినవాడు బాలుడైన నచికేతుడు, అడిగినది సాక్షాత్తు యముణ్ణి. యముడే మొదట ఆ ప్రశ్నను దాటవేయజూచాడు. సంపదలు ఇస్తాను, దీర్ఘాయువు ఇస్తాను, ఇది మాత్రం అడగవద్దన్నాడు. బాలుడు వదలలేదు. చివరకు యమునికి చెప్పక తప్పలేదు. మనం కూడ ఈనాడు చేస్తున్నది ఆ మొదటి పనే. బిడ్డ అడిగితే చేతికి చాక్లెట్టో, సెల్‌ఫోనో ఇచ్చి మరపిస్తున్నాము. సావిత్రి యమునితో వాదించిన కథను నోములలో, పురాణాలలో వింటూ పెరిగినవాళ్ళము. బిడ్డ శవాన్ని ఎత్తుకొని వచ్చిన కిసాగోతమికి బుద్ధుడు ‘నీ బిడ్డ నిద్రపోతున్నాడు’ అని చెప్పలేదు. ఎవరూ చావని ఇంటి నుండి ఆవాలు తెమ్మన్నాడు. క్రైస్తవ కుటుంబాలకు లాజరు సమాధి వద్ద యేసు కంటతడి పెట్టిన ఘట్టం తెలిసినదే. ఏ మతంలోనూ చావు అంటరాని మాట కాదు. దానిని అంటరానిదిగా చేసినది మన పిరికితనమే.

సాహిత్యం మాట చెప్పవలెనా? తెలుగువారు తెల్లవార్లూ మేలుకొని చూచిన హరిశ్చంద్ర నాటకంలో అందరూ ఎదురుచూచేది కాటిసీను. పాము కాటుకు బలియైన కొడుకును చంద్రమతి శ్మశానానికి మోసుకొని వస్తే, కాటికాపరియైన తండ్రి సుంకం అడిగే ఘట్టమది. గుఱ్ఱం జాషువ శ్మశానాన్ని గురించి వ్రాసిన పద్యాలను ఆ సీనులో నటులు పాడుతుంటే, తల్లుల ఒడిలో పిల్లలు కూడ విన్నారు. గురజాడ వారి పూర్ణమ్మ కథ ఒక బాలిక మరణమే కదా. అట్టి భాషకు వారసులమైన మనం తరగతిలో పూర్ణమ్మను చెప్పేటప్పుడు ఛందస్సు చెబుతాము, సంఘసంస్కరణ చెబుతాము, ప్రశ్నలు జవాబులు వ్రాయిస్తాము. ‘మీ ఇంట్లో ఎవరైనా ఇట్లా పోయినారా?’ అని ఒక్క మాట అడగము.

‘పసి మనసులు తట్టుకోలేవు’ అని రెండవ అభ్యంతరం. పిల్లలకు చావు సంగతి మనం చెబితేనే తెలుస్తుందని అనుకోవడం భ్రమ. మన వీధులలో శవయాత్ర డప్పులతో, బాణసంచాతో, దారి పొడవునా పూలు చల్లుకొంటూ పోతుంది. ‘కణ్ణీర్ అంజలి’ అని తమిళంలో అచ్చువేసిన ఫోటోల కాగితాలు ప్రతి గోడ మీదా ఉంటాయి. మన తెలుగు ఇండ్లలో పోయినవారి కాగితాలు కూడ అందులో ఉంటాయి. పిల్లలు వాటిని కూడబలుక్కొని చదువుతారు. తెలిసినది వారికి ఉన్నది, అడిగే చోటే లేదు. హంగేరీ పిల్లలు చావును ఎట్లా అర్థం చేసుకొంటారో పరిశీలించి మరియా నాగీ అనే పరిశోధకురాలు 1948లో ప్రకటించారు. మూడు నుండి అయిదేండ్ల పిల్లలు దానిని ఒక ప్రయాణంగానో, నిద్రగానో భావిస్తారని, తొమ్మిదేండ్ల ప్రాంతానికి అది అందరికీ తప్పనిదని గ్రహిస్తారని ఆమె గమనించారు. అంటే, పసివాడు తనంత తానే నిద్ర అని, ప్రయాణం అని పొరబడే వయసులో, మనం పెద్దలమై ఉండి ఆ పొరపాటునే నిజమని నూరిపోస్తున్నాము. ఇది కాపాడడమా?

‘దాచడమే ప్రేమ’ అనేవారు తమిళనాట జరిగినవాటిని గుర్తు తెచ్చుకోవాలి. 2004 జూలై 16న కుంభకోణం బడిలో అగ్నిప్రమాదంలో 94 మంది పిల్లలు మరణించారు. అదే సంవత్సరం డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఆనాడు టీవీ చూచిన ప్రతి పిల్లవాడూ తన బడి పైకప్పును చూచి ఒక ప్రశ్న వేసుకొని ఉంటాడు. 2020, 2021 సంవత్సరాలలో కరోనా వచ్చినప్పుడు కడచూపు కూడ లేకుండా తాతలు, అవ్వలు, తల్లులు, తండ్రులు వెళ్ళిపోయారు. కరోనాతో తల్లిదండ్రులిద్దరినీ కోల్పోయిన పిల్లల పేరిట 5 లక్షల రూపాయలు జమ చేస్తామని, ఒకరిని కోల్పోయినవారికి 3 లక్షలు ఇస్తామని 2021 మేలో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. మంచి పని. అయితే ఆ పిల్లలు తిరిగి బడికి వచ్చినప్పుడు వారితో ఏమి మాట్లాడాలో మనలో ఎందరికి తెలుసు? ప్రభుత్వం డబ్బు ఇవ్వగలదు. మాట ఇవ్వవలసినవాళ్ళము మనము.

మూడవ అభ్యంతరం ఉపాధ్యాయులది. ‘2006 చట్టం తరువాత తమిళం తప్పనిసరి అయింది, తెలుగు పక్కకు జరిగింది, ఉన్న నాలుగు పీరియడ్లలో అక్షరాలు నేర్పడమే కష్టం, ఇందులో చావు పాఠాలు కూడానా?’ సోదరులారా, మీ కష్టం నా కష్టమే. అయితే నేను క్రొత్త పాఠం అడగడం లేదు. సెలవు చీటీ ఎట్లాగూ వ్రాయిస్తాము. లేఖలు ఎట్లాగూ వ్రాయిస్తాము. పుస్తకాలు పంపమని దుకాణదారునికి లేఖ, విహారయాత్రను వర్ణిస్తూ మిత్రునికి లేఖ, ఇవే ఏటేటా వ్రాయిస్తున్నాము. వాటిలో ఒకదానికి బదులు, తండ్రిని కోల్పోయిన మిత్రునికి పరామర్శ లేఖ వ్రాయించండి. పీరియడ్లు తక్కువ కనుకనే, ఉన్న కాస్త సమయంలో బ్రతుకుకు పనికివచ్చే తెలుగును ముందు చెప్పాలి.

నాలుగవ అభ్యంతరం అన్నిటికంటె గట్టిది. ‘తమిళంలోనో ఇంగ్లీషులోనో మాట్లాడుకొంటే సరిపోదా, తెలుగే ఎందుకు?’ తమిళంతో మనకు తగవు లేదు. వారి ఒప్పారి పాటలు దుఃఖాన్ని పలికించడంలో గొప్పవి. మన పిల్లలు వాటిని కూడ తెలుసుకోవలసినదే. అయితే మన ఇంట్లో చావు జరిగినప్పుడు అవ్వ ఏ భాషలో శోకాలు పెడుతుంది? తెలుగులోనే. ఆ శోకంలో పోయిన మనిషి వరస, గుణం, తిన్నది, పెట్టినది, పడిన కష్టం అంతా వస్తుంది. ఒక మనిషి జీవితచరిత్ర మొత్తం ఆ ఏడుపులో ఉంటుంది. పక్కన నిలబడిన మనుమడికి అందులో సగం అర్థం కాదు. వాడు సెల్‌ఫోన్ తీసి, వాట్సాప్‌లో వచ్చిన ‘ఆర్.ఐ.పి.’లకు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపుతాడు. వాణ్ణి తప్పు పట్టకండి. వానికి మనం నేర్పిన తెలుగులో ఏడుపు లేదు. తేనె అని, పాయసమని, తీపి అని తెలుగును పొగడి పొగడి, తీపి పనులకు మాత్రమే పనికివచ్చే భాషగా చేశాము. ఏడవడానికి పనికిరాని భాష మాతృభాష ఎట్లా అవుతుంది?

చావు దగ్గరపడినవారి సంగతి మరింత బాధాకరం. బ్రతుకంతా తెలుగు, తమిళం, కన్నడం కలిపి మాట్లాడినవారు చివరి దినాలలో తల్లి భాషకు మరలడం మీలో అనేకులు చూచే ఉంటారు. మంచం మీద ఉన్న తాత ఏదో చెప్పబోతాడు. మనుమరాలికి ‘బాగున్నావా, తిన్నావా’ తప్ప తెలుగు రాదు. ఆమె చిరునవ్వు నవ్వి చేయి పట్టుకొంటుంది. అదైనా మేలే. అయితే ఆ తాత చెప్పదలచినది పొలం సంగతి కావచ్చు, క్షమాపణ కావచ్చు, ఊరకే ఒక దీవెన కావచ్చు. ఏదైనా అది మరల రాదు. తెలుగు ఎందుకు నేర్పాలని మీ పిల్లలు అడిగితే ఉద్యోగాల మాట, సంస్కృతి మాట తరువాత. ఈ మంచం మాట ముందు చెప్పండి.

పెద్దలతో కూడ మనం నిజం మాట్లాడము. జబ్బు సంగతి రోగికి తప్ప అందరికీ చెబుతాము. ‘ఆయనకు చెప్పకండి, బెంగపడతాడు’ అని వైద్యుణ్ణి గది బయటికి పిలుచుకొనిపోతాము. కోలుకొనే ఆశ లేనప్పుడు తనకు ఏ చికిత్స వద్దో ముందుగానే వ్రాసిపెట్టే హక్కు మనిషికి ఉన్నదని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న తీర్పు చెప్పింది. గౌరవంగా మరణించడం కూడ జీవించే హక్కులో భాగమన్నది. న్యాయస్థానం తలుపు తెరిచింది కాని, ఆ మాట నోట పలకలేని ఇంట్లో ఆ కాగితం ఎవరు వ్రాస్తారు? మాట్లాడడం చిన్ననాడు నేర్వనివాడు అరవై ఏండ్లకు నేర్వలేడు.

కనుక ఈ సంవత్సరం నుండే చేయదగిన పనులను క్రింద వ్రాస్తున్నాను. వీటికి ఖర్చు లేదు, పైవారి అనుమతి అక్కరలేదు.

1. ‘చనిపోయారు’ అని చెప్పండి. మీ మతం ప్రకారం స్వర్గం, మోక్షం, పరలోకం చెప్పదలచితే, ముందు ఈ మాట చెప్పి ఆ తరువాత అది చెప్పండి. ‘శరీరం పనిచేయడం ఆగిపోయింది, ఇక తిరిగి రాదు’ అన్న వాక్యం తప్పనిసరి.

2. పిల్లలను పొరుగింటికి పంపివేయకండి. కడచూపు చూస్తావా అని అడగండి. చూస్తానంటే ఒక పెద్దవారు చేయి పట్టుకొని తీసుకొనిపోవాలి. అక్కడ ఏమి కనబడుతుందో ముందుగా చెప్పాలి. వద్దంటే బలవంతం చేయకూడదు.

3. ఏడవవద్దని మగపిల్లలకు చెప్పకండి. మీరు కూడ వారి ఎదుట ఏడవండి. ఎందుకు ఏడుస్తున్నారో తెలుగులో చెప్పండి.

4. ఉపాధ్యాయులు పరామర్శ లేఖను తప్పక నేర్పాలి. ‘మీ అవ్వ పోయినారని తెలిసి చాల బాధపడ్డాను. ఆమె మాకు పెట్టిన జొన్నరొట్టె నాకు గుర్తున్నది. నీకు ఏమి కావాలన్నా నన్ను అడుగు.’ మూడు వాక్యాలు చాలు. పోయినవారిని గురించి ఒక జ్ఞాపకం అందులో ఉండాలి. పెద్ద పెద్ద మాటలు వద్దు.

5. దినవారాలు ముగించుకొని బిడ్డ బడికి వచ్చిన రోజున హోంవర్కు ముందు అడగకండి. ఆ బిడ్డ రాక ముందే తరగతికి సంగతి చెప్పి, ఎగతాళి చేయరాదని, కలసి కూర్చోవాలని చెప్పండి. ‘చాల బాధగా ఉన్నది’ అన్న మాట అనడం నేర్పండి.

6. తద్దినాలలో తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చెప్పే ఆచారం మనలో చాల ఇండ్లలో ఉన్నది. ఆ ఆచారం లేనివారు కూడ, తమ ఇంటి మూడు తరాల పేర్లను, ఆడవారి పేర్లతో సహా, పిల్లలతో తెలుగులో వ్రాయించండి. ఒక్కొక్క పేరు క్రింద ఆ మనిషిని గురించి అవ్వనో తాతనో అడిగి రెండు వాక్యాలు వ్రాయమనండి. తెలుగు వ్రాతకు ఇంతకంటె మంచి అభ్యాసం నాకు తెలియదు.

7. తిథికి, పదకొండవ దినానికి అచ్చువేసే కార్డులలో ఒక వైపైనా తెలుగు ఉండనీయండి. ఊరికోసం తమిళం ఉండవలసినదే. పోయిన మనిషి బ్రతుకంతా మాట్లాడిన భాష కూడ ఆ కాగితం మీద ఉండాలి.

‘శుభం పలకరా’ అని మన పెద్దలు అన్నమాట నిజమే. పెండ్లి పందిట్లో చావు మాట తెమ్మని ఎవరూ చెప్పరు. చావు ఇంట్లో కూడ చావు మాట పలకరాదంటే మరెక్కడ పలకాలి? దుఃఖంలో ఉన్న బిడ్డకు నిజం చెప్పడం అశుభం కాదు. ఆ బిడ్డను ఒంటరిగా వదలడమే అశుభం.

ఈ విద్యాసంవత్సరం లేఖారచన పాఠం వచ్చినప్పుడు పైన చెప్పిన ఆ ఒక్క లేఖను వ్రాయించి చూడండి. పిల్లలు ఎవరికి వ్రాస్తారో, ఏమి వ్రాస్తారో చూచిన తరువాత, ఇది తరగతిలో తగదని మీకు ఇంకా అనిపిస్తే నాతో వాదించండి. వినడానికి సిద్ధంగా ఉన్నాను. వ్రాయించకుండానే తగదనేవారి మాటను మాత్రం అంగీకరించలేను.